అమ్మ గొంతుకు సరిపోయిన ర్యామ్

దయ్యాలున్నాయని నేనెప్పుడూ అనుకోలేదు. వారపత్రికల్లో వచ్చే దయ్యాల సీరియళ్లు చదువుతాను కానీ, అన్నం తింటూ చదువుతాను. భయపడేవాళ్లు అలా చదవలేరు. కామారెడ్డిలో ఒక కంప్యూటర్ రిపేరు షాపులో పనిచేస్తాను. ఆగిపోయిన మిషన్ ఎందుకు ఆగిపోయిందో వెతకడం నా పని. వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. దుమ్ము, తుప్పు, చీమలు, కాలిపోయిన తీగ. ఇంతవరకు దేంట్లోనూ దయ్యం దొరకలేదు.

నలుగురిలో మాట్లాడడం నాకు చేతకాదు. షాపులో కూడా కస్టమర్లతో ఓనరు సార్ మాట్లాడతాడు, నేను వెనక గదిలో ఉంటాను. రోజూ డైరీ రాసే అలవాటుంది కాబట్టి ఇది చెప్పడం కంటే రాయడమే నాకు సులువు. ఇంట్లోవాళ్ల పేర్లు మార్చాను. మిగతాది జరిగింది జరిగినట్టే.

మాది ఎల్లారెడ్డి. రోజూ బస్సులో కామారెడ్డికి వచ్చిపోతాను. ఇంట్లో బాపు, అమ్మ, అన్న, నేను. బాపు కాస్త పొలం చేస్తాడు, పని లేని రోజుల్లో రైస్‌మిల్లుకు పోతాడు. అన్న రాజు పెళ్లిళ్లలో కీబోర్డు వాయిస్తాడు.

అమ్మ గొంతు మా వాడకట్టులో అందరికీ తెలుసు. పెళ్లిలో నలుగు పాటైనా, బతుకమ్మ పాటైనా అమ్మే ఎత్తుకోవాలి. ఎవరైనా చనిపోతే శోకం తీయడానికి కూడా ముందు అమ్మకే కబురు వచ్చేది. శోకమంటే ఒట్టి ఏడుపు కాదు. పోయిన మనిషిని పేరు పెట్టి, వరస పెట్టి పిలుస్తూ, వాళ్ల పనులూ మాటలూ తలుచుకుంటూ రాగం తీసి ఏడవడం. అమ్మ ఎత్తుకుంటే అప్పటిదాకా కళ్లు తడవనివాళ్లు కూడా ఏడ్చేవారు.

ఆ గొంతులోనే గడ్డ వచ్చింది. హైదరాబాద్ డాక్టర్లు మాట పుట్టే పెట్టె మొత్తం తీసేయాలన్నారు. తీసేస్తే బతుకుతుంది, మాట మాత్రం ఉండదు. అన్నం గొంతులోంచే పోతుంది, ఊపిరి మాత్రం మెడ కింద పెట్టే రంధ్రంలోంచి.

ఆపరేషన్‌కు ముందు అన్న ఒక పని చేశాడు. రోజూ మధ్యాహ్నం అమ్మను కూర్చోబెట్టి మైకు పెట్టి మాటలు రికార్డు చేశాడు. మా పేర్లు, 'అన్నం తిన్నవా', 'జర ఇటు రా', 'నొప్పి లేస్తున్నది', 'నీళ్లియ్యి', ఇలాంటివి. తర్వాత నలుగు పాటలు, బతుకమ్మ పాటలు. అన్నీ అయ్యాక ఒకరోజు నవ్వుతూ, "శోకం గూడ ఒకటి తియ్యరాదే, అది గూడ ఉంచుత" అన్నాడు.

అమ్మ పక్కనున్న చీపురు తీసి వీపు మీద ఒకటి వేసింది. "ఇంట్ల పీనుగు లేకుంట శోకం తీస్తార్రా? ఎవల్ని పంపుదామని?"

మాలో అది గట్టి పట్టింపు. చావు లేని ఇంట్లో శోకం తీస్తే చావును పిలిచినట్టే అంటారు. అన్న మళ్లీ అడగలేదు. ఆ రికార్డింగులన్నీ పేర్లు పెట్టి సర్దింది నేనే. అందులో శోకం ఒక్క ముక్క కూడా లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆపరేషన్ అయింది. అమ్మ బతికింది. మాట పోయింది.

అన్న ఉపాయం ఏమిటంటే, అమ్మ మాటలను తన కీబోర్డులో ఒక్కో మెట్టుకు ఒక్కోటి అమర్చడం. అమ్మ ఆ మెట్టు నొక్కితే ఆ మాట పలుకుతుంది. ఫోన్లో పెట్టొచ్చు కదా అని చాలామంది అడిగారు. అమ్మకు చదువు రాదు. ఫోన్ తెరమీద ఏది ఎక్కడుందో చూసి చూసి విసుక్కుని విసిరేసింది. మెట్లయితే చేత్తో తడిమి గుర్తుపట్టొచ్చు. పైగా దాంట్లో పాట కూడా పాడించొచ్చు. అమ్మకు అన్నిటికంటే పాట పోయిందనే బాధ ఎక్కువ. 'సునీతా' అని నన్ను మళ్లీ పిలవాలని ఉందని సైగ చేసేది. రంధ్రం మీద వేలు పెట్టి, నా వైపు చూపించి, పెదాలు కదిపేది.

చిక్కంతా మెమొరీ దగ్గర వచ్చింది. ఆ కీబోర్డు పాతది, అన్న హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ కొన్నాడు. ఆన్ చేసిన ప్రతిసారీ పెన్‌డ్రైవ్‌లోంచి మాటలను లోపలున్న ర్యామ్‌లోకి ఎక్కించుకోవాలి. ఆఫ్ చేస్తే అన్నీ చెరిగిపోతాయి. ర్యామ్ గుణమే అది. కరెంటు ఉన్నంతసేపే దాని జ్ఞాపకం. అందులో మొదటినుంచీ ఉన్న ర్యామ్ చాలా చిన్నది, అమ్మ మాటలు నాలుగు ఎక్కేసరికి నిండిపోయేది. ఇంకో ర్యామ్ పెట్టడానికి వెనక ఖాళీ ఉంది. కంపెనీవాళ్లు తమ ర్యామ్ అమ్మడం ఎప్పుడో మానేశారు. ఎక్కడైనా దొరికినా మేం కొనలేం.

కంపెనీదే కానక్కర్లేదు, ఒకప్పటి కంప్యూటర్లలో వాడిన మామూలు ర్యామ్ కూడా సరిపోతుందని ఇంటర్‌నెట్‌లో చదివాను. అలాగని ఏది పెట్టినా పనిచేయదు. చూడడానికి అన్నీ ఒకేలా ఉంటాయి. పొడుగు అదే, కాళ్లు అవే, గాడిలో కూర్చుంటాయి కూడా. కానీ ఒకవైపే చిప్పులున్నవి పెడితే కొన్నిసార్లు తెరే వెలగదు, కొన్నిసార్లు సగమే చూపిస్తుంది. రెండువైపులా చిప్పులుండి, ఒక్కో చిప్పులో తక్కువ మెమొరీ ఉన్నవయితేనే ఆ కీబోర్డు ఒప్పుకుంటుంది. ఎక్కడెక్కడివాళ్లో రాసుకున్న ప్రశ్నలూ జవాబులూ వారాల తరబడి చదివాను. అడగడానికి సిగ్గేసి నేను మాత్రం ఒక్క ప్రశ్నా రాయలేదు.

షాపులో పాత పెట్టెలన్నీ విప్పాను. సార్ చూసి నవ్వేవాడు. "సునీతా, మీ అన్న బాజాకు ర్యామ్ ఎతుకుడయినంక సన్నాయికి హార్డ్‌డిస్క్ గూడ ఎతుకు. రెండు ఒక్కసారే బిగిద్దాం."

సరైనది చివరికి రైల్వే స్టేషన్ దగ్గర పాతసామాను కొనే చాచా దగ్గర దొరికింది. ఒక మూలన విరిగిన కంప్యూటర్లు కుప్పగా పోసి ఉన్నాయి. నేను ఒక్కో ర్యామ్ తీసి కొంగుతో తుడిచి వెనకాముందూ తిప్పి చూస్తుంటే, "ఏం బేటీ, కచరాల మోతీలు ఏరుతున్నవా?" అన్నాడు. రెండువైపులా చిప్పులున్నది ఒక్కటే కనిపించింది. దాని మీద కంపెనీ పేరు లేదు. తీసుకుపొమ్మన్నాడు.

అది ఎవరి కంప్యూటర్‌లోదో తర్వాత చాచాను అడిగి కనుక్కున్నాను. ఒక కాలేజీ ల్యాబ్ మూసేసినప్పుడు వచ్చిన సామాను. పిల్లలు టైపింగ్ నేర్చుకున్న మిషన్లు. ఎవరూ చనిపోలేదు, ఏదీ కాలిపోలేదు. ఈ కథలో నాకు సాయపడేది అక్కడేమీ దొరకలేదు.

ఆదివారం మధ్యాహ్నం అన్న దాన్ని బిగించాడు. బాపు పొలం కాడ ఉన్నాడు. అమ్మ గడప దగ్గర చాటలో బియ్యం ఏరుతోంది. మెడ కింద రంధ్రం మీద దుమ్ము పడకుండా పల్చటి తెల్లగుడ్డ కట్టుకుని ఉంటుంది. ఆ రోజూ కట్టుకుంది.

ఆన్ చేస్తే తెర వెలిగింది. కొత్త ర్యామ్ పూర్తిగా చూపించింది, ఖాళీ అని కూడా చూపించింది. అన్న నా వైపు చూసి, "కూసున్నదే" అన్నాడు. పెన్‌డ్రైవ్ ఇంకా నా చేతిలోనే ఉంది. అంటే కీబోర్డు లోపల ఏ శబ్దమూ లేదు. ఉండడానికి వీల్లేదు. గరగర ఏమైనా వస్తుందేమో చూద్దామని అన్న ఒక మెట్టు నొక్కాడు.

అమ్మ గొంతు వచ్చింది.

జబ్బు చేశాక బొంగురుపోయిన గొంతు కాదు, మేం రికార్డు చేసిన గొంతు కూడా కాదు. నా చిన్నప్పటి గొంతు. శోకం తీస్తోంది.

"ఓ నా సున్నీ... నా పక్కపొంటి కూసోని కథ సదివేటి బిడ్డా... సగం కాడ ఆపి ఏడికి పోతివే... చేతుల ఆకు చేతులనే ఉండె గదనే నా సున్నీ..."

అన్న వేలు తీసేశాడు. మెట్టు వదిలితే శబ్దం ఆగాలి. ఆగలేదు. "నన్ను ముందుగాల పోనియ్యకపోతివే" అని ఇంకా పైకి పోతోంది. నేను అమ్మ వైపు చూశాను. ఆమె చేతులు బియ్యంలో అలాగే ఉన్నాయి. మెడ కిందున్న తెల్లగుడ్డ లేస్తోంది, పడుతోంది. ఆ రాగం ఎక్కడ లేస్తే అక్కడ లేస్తోంది, ఎక్కడ విరిగితే అక్కడ పడుతోంది.

అన్న వైరు పీకేశాడు.

ఇక్కడ కొన్ని విషయాలు చెప్పాలి. సున్నీ అని నన్ను పిలిచేది ప్రపంచంలో ఒక్క మనిషే, పిట్లంలో ఉండే మా మేనత్త సాయవ్వ. అమ్మ ఎప్పుడూ సునీత అనే పిలుస్తుంది. నేను అమ్మకు కథలు చదివి వినిపించలేదు, ఆమెకు అంత ఓపిక లేదు. 'చేతుల ఆకు' అన్నది తునికాకు. బీడీలు చుట్టేవాళ్ల మాట. అమ్మ ఏనాడూ బీడీలు చుట్టలేదు. చుట్టేది మేనత్త.

మా మేనత్తకు పిల్లలు లేరు. మామ పోయాక ఒక్కతే ఉండేది. చిన్నప్పుడు సెలవులన్నీ నేను ఆమె దగ్గరే గడిపాను. ఆమె చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తుంటే నేను పక్కన కూర్చుని లైబ్రరీ నవలలు చదివేదాన్ని. నా చదువు పిచ్చి తెలిసిన మనిషి, దానికి నవ్వని మనిషి ఆమె ఒక్కతే. కథ మొదలుపెట్టగానే అడిగేది: "పిల్ల సివరికి బతుకుతదా సస్తదా, గది సెప్పు ముందుగాల. బతుకుతదంటెనే ఇంట." చచ్చిపోయే కథలను నేను మార్చి చదివేదాన్ని.

ఆ సాయంత్రం ఆమెకు ఫోన్ చేశాను. అన్న ఎప్పుడైనా ఆమె గొంతు రికార్డు చేశాడా అని అడిగాను. నాకు తోచిన కారణం అదొక్కటే.

"నా గొంతా?" అని నవ్వింది. "నేను పాడితె బర్రెలు పాలియ్యవు బిడ్డా. ఎందుకడుగుతున్నవు? మీ అమ్మ మిషిన్ల మాట్లాడుతున్నదా మరి?"

ఇంకా లేదని చెప్పాను. మాట్లాడినంక తనకు ఫోన్లో వినిపించమంది.

అన్న, నేను కలిసి కీబోర్డు మళ్లీ ఆన్ చేశాం. ఏమీ లేదు. అన్ని మెట్లూ నొక్కాం. ఖాళీ. ర్యామ్ తీసి షాపుకు తీసుకెళ్లి పరీక్ష పెట్టాను. ఏ లోపమూ లేదు. సున్నాలు తప్ప అందులో ఏమీ లేవు.

అమ్మ మాత్రం మారిపోయింది. ఆమె విన్నది తన గొంతు, నా పేరు, శోకం. అంతే. ఏ పేరుతో పిలిచింది, ఆకు ఎవరి చేతిలోది అన్నది ఆమెకు పట్టలేదు. మర్నాడు పొద్దున నా చెప్పులు దాచేసింది. వెతుక్కుని బస్సెక్కాను. సాయంత్రం ఇంటికొస్తే ఒళ్లంతా తడిమి చూసింది. రాత్రి అన్నాల వేళ నా కంచం దగ్గరే కూర్చుంది. ఇలా కొన్నాళ్లు గడిచాయి. అన్నం తినడం మానేసింది, మెడ కింద రంధ్రంలో పెట్టిన గొట్టం శుభ్రం చేయనివ్వడం మానేసింది.

ఒకరోజు బాపు ముందు నిలబడి రెండు చేతులూ రెక్కల్లా ఆడించింది. తర్వాత అరచేత్తో తన నెత్తి మీద కొట్టుకుంది. తర్వాత నన్ను చూపించింది.

బాపుకు అర్థమైంది. నాకు అప్పుడు కాలేదు.

కాకి నెత్తిన తంతే చావు దోషమంటారు. నన్ను కాకి తన్నలేదు, ఆ శోకాన్నే అమ్మ అలాంటి దోషమనుకుంది. దాన్ని తప్పించడానికి మా వైపు ఒక పద్ధతుంది. ఆ మనిషి చనిపోయాడని దూరంలో ఉన్న చుట్టాలకు అబద్ధపు కబురు పంపుతారు. వాళ్లు నిజమనుకుని ఏడుస్తారు. ఆ ఏడుపుతో దోషం తీరిపోతుంది. తర్వాత బతికే ఉన్నాడని చెబుతారు. వాళ్లు తిట్టి, నవ్వి, కాళ్లు కడుక్కుంటారు. ఏడ్చేవాళ్లు నిజంగా ఏడవాలి, అదే షరతు. ఎవరికైతే దుఃఖం ఎక్కువ ఉంటుందో వాళ్లకే కబురు పోవాలి. దోషమున్న మనిషికి మాత్రం ఇది తెలియకూడదు.

నా కోసం నిజంగా ఏడ్చేది ఎవరంటే, అమ్మ పడమర వైపు చెయ్యి చూపించింది. పిట్లం వైపు.

ఆ పొద్దున నా ఫోన్ కనిపించలేదు. బస్సుకు టైమైపోయిందని వదిలేసి కామారెడ్డి వెళ్లిపోయాను. దాన్ని అమ్మ బీరువాలో పెట్టి తాళం వేసింది. మిగతాది అన్న తర్వాత చెప్పాడు.

బాపు మేనత్తకు ఫోన్ చేసి, "అక్కా, సునీత ఇగ లేదు" అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకు నటన అవసరం లేకపోయింది. పెట్టేశాడు. కాసేపు ఏడ్వనిచ్చి నిజం చెప్పాలని అనుకున్నారు. కాసేపంటే ఎంతసేపో ఎవరూ అనుకోలేదు.

కొద్దిసేపట్లో బీరువాలో నా ఫోన్ మోగడం మొదలైంది. అన్న తాళం తీసి చూస్తే మేనత్త. ఆమె నమ్మలేదు. నాకే చేసి చూస్తోంది. ఆగుతోంది, మళ్లీ మోగుతోంది. అన్న ఎత్తబోతే అమ్మ అతని మణికట్టు పట్టుకుంది. ఏడుపు ఇంకా కాలేదని తల అడ్డంగా ఊపింది. గోళ్లు దిగిన గుర్తులు అన్న నాకు చూపించాడు. "గుంజుకుందునే," అన్నాడు. "కానీ అమ్మ మొఖం చూస్తె గుంజబుద్ధి కాలె." చివరికి ఫోన్ మోగడం ఆగిపోయింది. అప్పుడు అమ్మ చెయ్యి వదిలింది.

బాపు చేస్తే మేనత్త ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేశాక పక్కింటి పోశవ్వ ఎత్తింది. బాపు గబగబా చెప్పాడు. "అక్కకు చెప్పు పోశవ్వా, పిల్లకేం గాలే, దోషానికని చెప్పినం, పిల్ల బతికే ఉంది."

"ఇప్పుడు చెప్తున్నవా తమ్మీ," అంది పోశవ్వ. "ఇననీకి మీ అక్క లేదు."

షాపుకు ఫోన్ వచ్చింది. సార్ వెనక గదిలోకి వచ్చి, మీ మేనత్త పోయిందట, అని మెల్లగా చెప్పాడు. గుండెపోటు అనుకున్నాను. ఎలా పోయిందో నాకు అప్పటికి తెలియదు. ఉన్నపళంగా బస్సెక్కి, బాన్సువాడలో మారి పిట్లం చేరాను. ఇంట్లోవాళ్లు బండి దొరక్క ఆలస్యమయ్యారు, వాళ్లకంటే ముందు నేనే చేరాను.

మేనత్త వాకిట్లో ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి మొదట ఒకామె లేచింది. తర్వాత అందరూ లేచారు. నేను అడుగు వేస్తే వాళ్లు వెనక్కి జరిగారు. ఒక ముసలామె నా పాదాల వైపే చూస్తోంది, అవి ఎటు తిరిగి ఉన్నాయో అని. చిన్నపిల్లను ఎత్తుకున్న ఒకామె పిల్ల మొహం కొంగుతో కప్పేసింది. ఆ వాకిట్లో దయ్యాన్ని నేనే. నాకేమీ అర్థం కాక, "నేను సునీతను," అన్నాను. అది ఇంకా పనికిరాని మాట అయింది.

పోశవ్వ లోపలినుంచి వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టి చూసింది. "బతికే ఉన్నది, దోషానికని అట్ల చెప్పిన్రట," అని వాళ్లకు చెప్పింది. తర్వాత నాతో, "నీ సావు ఇని సచ్చింది బిడ్డా, నీ అత్త," అంది.

ఎవరో వెనకనుంచి, "పిల్ల దోషం ఆడిబిడ్డ నెత్తిన పెట్టిన్రు. మంచిగ జరిగింది పూజ," అన్నారు. ఎవరన్నారో చూడలేదు.

మేనత్త పక్కన చాట అలాగే ఉంది. సగం కత్తిరించిన ఆకు ఆమె గుప్పిట్లోంచి తీయలేదు. వేళ్లు బిగుసుకుపోయాయన్నారు.

అమ్మ, బాపు, అన్న వచ్చారు. అమ్మ శవం మీద పడి నోరు తెరిచింది. ఊళ్లో అందరి కోసం శోకం తీసిన మనిషి. మెడ కింద గుడ్డ చప్పుడు తప్ప ఏమీ రాలేదు. అమ్మ సంగతి తెలియని ఒకామె పక్కనామెతో, "సంపినోళ్లకు ఏడుపు ఎట్లొస్తది," అంది. అమ్మకు చెవులు బాగానే వినిపిస్తాయి.

అప్పుడు పోశవ్వ మొదలుపెట్టింది. చనిపోయిన మనిషి చివరి మాటలు వచ్చినవాళ్లందరికీ చెప్పడం అక్కడ మామూలే. మేనత్త ఫోన్ కింద పెట్టి, గోడకు ఒరిగి, ఎట్లా ఏడ్చిందో అదే రాగంలో చెప్పింది.

"ఓ నా సున్నీ అన్నది. నా పక్కపొంటి కూసోని కథ సదివేటి బిడ్డా అన్నది. సగం కాడ ఆపి ఏడికి పోతివే అన్నది. చేతుల ఆకు చేతులనే ఉండె గదనే అన్నది. నన్ను ముందుగాల పోనియ్యకపోతివే అన్నది."

అన్న నా వైపు చూశాడు. నేను అన్న వైపు చూశాను. ఒక్క మాట కూడా తేడా లేదు. ఆ మాటలు విన్న ఆదివారమే నేను రాసి పెట్టుకున్నాను, తర్వాత సరిచూసుకున్నాను కూడా. ఆ సంగతి మేం ముగ్గురం బాపుకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పోశవ్వను అంతకుముందు అమ్మ, అన్న చూసి ఏళ్లయింది. మేనత్తకు ఆ శోకం గురించి ఎవరూ చెప్పలేదు.

మేం వైరు పీకేసింది ఆ మాట దగ్గరే. పోశవ్వ మాత్రం ఆగలేదు.

"సివరికి రెండో చేత పిడికెడు మన్ను తీసుకున్నది. ఈ కబురు పుట్టిచ్చిన నోరు పడిపోను, మల్ల మాట లేవకపోను, అని మన్ను ఎత్తిపోసింది. గప్పుడే ఒరిగింది."

కబురు బాపు నోటితో పోయింది. కానీ పుట్టింది ఎక్కడో అమ్మకు తెలుసు. ఆమె శవం మీదినుంచి లేచి, గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఇదంతా అయి చాలా నెలలైంది. అన్న ఎలాగోలా అమ్మ మాటలన్నీ ఆ ర్యామ్‌లోకి ఎక్కించాడు. అన్నీ చక్కగా పట్టాయి. వినడానికి ఒక్క మెట్టు నొక్కాడు. 'సునీతా, అన్నం తిన్నవా' అని అమ్మ గొంతు ఇల్లంతా వినిపించింది. పెరట్లో ఉన్న అమ్మ వచ్చి, ప్లగ్గు తీసి, దాని మీద గోనెసంచి కప్పింది. తన నోరు మేనత్త శాపంతోనే పడిపోయిందని ఆమె నమ్మకం. పడిపోయిన నోటిని మిషన్‌తో లేపితే ఈసారి ఎవరిని తీసుకుపోతుందోనని భయం.

నేను ఆమెకు చెప్పి చూశాను. వేళ్లు లెక్కబెట్టి చూపించాను. ముందు ఆపరేషన్, ఇది బొటనవేలు. తర్వాత కీబోర్డు. తర్వాత కబురు. తర్వాత మేనత్త ఏడుపు. శాపం చిటికెనవేలు దగ్గర వస్తుంది. చివర వచ్చిన శాపం మొదట పోయిన గొంతును ఎలా తీసుకుపోతుంది? అమ్మ విన్నది. తర్వాత నా వేళ్లు పట్టుకుని, చిటికెనవేలి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే వెనక్కి ముడిచింది. బొటనవేలు చివర ముడిచింది.

చివరిది వెనక్కి నడిచి మొదటిదాన్ని తీసుకుపోతుందని ఆమె లెక్క. మేనత్త ఏడుపు కూడా ఆమె ఏడవకముందే మా ఇంట్లో వినిపించింది. అది వినకపోతే మేం కబురు పంపేవాళ్లం కాదు. కబురు పంపకపోతే ఆమె ఏడ్చేదే కాదు. ఏది ముందో, ఏది వెనకో ఎన్నిసార్లు రాసుకున్నా నాకు తేలలేదు. తెలిసినవాళ్లను అడిగితే కరెంటు లేని ర్యామ్‌లో ఏదీ నిలవదంటారు. అది నాకూ తెలుసు.

ఇప్పుడు నన్ను పిలవాలంటే అమ్మ గంటెతో గిన్నె మీద కొడుతుంది. ఆదివారం మధ్యాహ్నం పుస్తకం చదువుతూ నిద్రపోతే, వచ్చి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. వేలు తగలగానే నాకు మెలకువ వస్తుంది, అయినా కళ్లు తెరవను. ఊపిరి తగిలేదాకా ఆమె వేలు తీయదు. ఒక్కోసారి నేను ఊపిరి బిగబట్టి కాసేపు అలాగే ఉంచుతాను. ఆమె వేలు ముక్కుకు ఇంకా గట్టిగా ఆనుతుంది. అలా ఎందుకు చేస్తానో, అదీ నాకు తెలియదు.